తీగ లాగితే పాట కదిలింది!

మంచి యాంప్లిఫయర్ కొన్నారు. దానికి తగ్గ స్పీకర్లూ తెచ్చారు. తీరా ఆ రెండింటినీ కలిపే వైరు దగ్గరికొచ్చేసరికి షోరూములో చెప్పిన ధరకి గుండె గుభేల్మంది. కంగారు పడకండి. ఇళ్ల వైరింగ్‌కి వాడే రాగి తీగ, ఎనిమిది పిన్నులు, ఒక ఆదివారం మధ్యాహ్నం తీరిక ఉంటే చాలు... ఆ కేబుల్ మీరే చేసుకోవచ్చు!

హోమ్ ఆడియోలో మన చేతుల్లో లేనివే ఎక్కువ. స్పీకర్ కోన్‌ని ఇంట్లో తయారుచేయలేం. యాంప్లిఫయర్ బోర్డు మీద పార్టులు బిగించాలంటే ఆ విద్య నేర్చి ఉండాలి. స్పీకర్ బాక్సు చేయాలంటే వడ్రంగంతోపాటు లోపల ఎంత ఖాళీ ఉండాలన్న లెక్కా తెలియాలి. ఇవన్నీ తెలిసినవాళ్లు చేసినా కంపెనీ సరుకుకి సాటి రావడం అంత తేలిక కాదు.

స్పీకర్ కేబుల్ సంగతి వేరు. స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చినవాళ్లెవరైనా దాన్ని చేసుకోవచ్చు. అలా చేసుకున్నది షోరూములో అద్దాల వెనక మెరిసే కేబుల్‌కి వినికిడిలో ఏమాత్రం తీసిపోదు. ఎందుకంటే ఆ తీగ చేయాల్సిన పని చాలా చిన్నది. పైగా అది సరిగ్గా చేస్తోందో లేదో లెక్కగట్టి తేల్చుకోవచ్చు.

దారిలో తినేయకూడదు... అంతే!

యాంప్లిఫయర్ ఇచ్చిన విద్యుత్తుని మధ్యలో తినేయకుండా స్పీకర్‌కి చేర్చడం... వైరు చేయాల్సింది ఇదొక్కటే. దాన్ని తినేసేవాటిలో మొదటిది తీగ నిరోధం. తీగ సన్నబడేకొద్దీ, పొడవు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది.

ఊళ్లో శ్రీరామనవమి పందిరి దగ్గర మైకుసెట్టు చూసే ఉంటారు. సన్నపాటి తీగ వీధి చివర చెట్టుకు కట్టిన హారన్ దాకా వెళ్తుంది. అయినా మోత మోగిపోతుంది. మరి ఇంట్లో ఐదు మీటర్లకే లావు తీగ ఎందుకంటారా? మైకుసెట్టు యాంప్లిఫయర్‌కి వెనక 100 వోల్టుల లైన్ ఉంటుంది. 100 వాట్లను 100 వోల్టుల మీద పంపితే తీగలో పారే కరెంటు ఒక్క ఆంపియరే. హారన్ దగ్గరుండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఆ వోల్టేజీని దించుకుంటుంది. ఇంటి స్పీకర్‌కి ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. అవే 100 వాట్లు 8 ఓమ్‌ల స్పీకర్‌కి నేరుగా వెళ్లాలంటే 28 వోల్టుల మీద మూడున్నర ఆంపియర్లు పారాలి. 4 ఓమ్‌ల స్పీకర్ అయితే ఏకంగా 5 ఆంపియర్లు. కరెంటు పెరిగితే తీగలో నష్టమూ పెరుగుతుంది.

ఆ నష్టం వల్ల సౌండు కాస్త తగ్గడమే అయితే వాల్యూమ్ ఓ గీత పెంచుకుని సరిపెట్టుకోవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. స్పీకర్ వెనక 4 ఓమ్‌లని రాసి ఉన్నా ఆ అంకె అన్ని స్వరాలకూ ఒకేలా ఉండదు. ఒకచోట 4 ఉంటే మరోచోట 30 కూడా ఉండొచ్చు. ఐదు మీటర్ల దూరానికి 0.5 చదరపు మిల్లీమీటర్ల సన్న తీగ వేశారనుకుందాం. వెళ్లడానికొకటి, రావడానికొకటి కాబట్టి మొత్తం 10 మీటర్ల తీగ. దాని నిరోధం 0.39 ఓమ్‌లు. స్పీకర్ 4 ఓమ్‌లు చూపే స్వరాల దగ్గర దాదాపు 9 శాతం వోల్టేజీ దారిలోనే పోతుంది. 30 ఓమ్‌ల దగ్గర పోయేది ఒక శాతం పైచిలుకే. అంటే కొన్ని స్వరాలు తగ్గి, కొన్ని తగ్గకుండా పాట రంగు మారిపోతుంది. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నిరోధం 0.08 ఓమ్‌లకు పడిపోతుంది. నష్టం ఎక్కడా 2 శాతం దాటదు. ఆ తేడా చెవికి అందదు.

ఇండక్టెన్స్, కెపాసిటెన్స్ అని మరో రెండున్నాయి. ప్లస్, మైనస్ తీగలు ఎడంగా పోతే మొదటిది పెరుగుతుంది. రెండూ పక్కపక్కనే పోతే ఇంటి దూరాలకు దాని ప్రభావం లెక్కలోకి రాదు. మరీ ఎక్కువ తీగల్ని జడలా అల్లితే రెండోది పెరుగుతుంది. మామూలు జంట తీగకు ఆ బెడదా లేదు.

ల్యాంపు వైరుతో పోటీ

1970ల దాకా అమెరికాలోనూ స్పీకర్లకు వాడింది టేబుల్ ల్యాంపుల వైరే. కేబుల్‌ని ప్రత్యేకమైన సరుకుగా అమ్మవచ్చని ఆ దశాబ్దం చివర్లో నిరూపించినవాడు నోయెల్ లీ అనే ఇంజినీరు. ఆయన పెట్టిన ‘మాన్‌స్టర్ కేబుల్’తో కొత్త వ్యాపారమే పుట్టుకొచ్చింది.

నిజంగా తేడా ఉందా అని అప్పుడే అనుమానమూ వచ్చింది. ‘స్టీరియో రివ్యూ’ పత్రిక 1983 ఆగస్టు సంచికలో లారెన్స్ గ్రీన్‌హిల్ దాన్ని తేల్చేందుకు చేసిన పరీక్ష ఫలితాలు రాశారు. 30 అడుగుల పొడవున మాన్‌స్టర్ కేబుల్, 16 గేజి ల్యాంపు వైరు, 24 గేజి సన్న తీగ తీసుకున్నారు. ఏది మోగుతోందో చెప్పకుండా వినిపించారు. సన్న తీగ వెనకబడిపోయింది. కానీ పాట పెట్టినప్పుడు మాన్‌స్టర్‌కీ ల్యాంపు వైరుకీ తేడాని శ్రోతలు పట్టుకోలేకపోయారు. తీగ లావుకి విలువుంది, పేరుకి కాదు అని నలభై ఏళ్ల కిందటే తేలిందన్నమాట.

2007లో జేమ్స్ రాండీ మరో అడుగు ముందుకేశారు. మాయలూ మహిమల బండారం బయటపెట్టడంలో పేరుమోసిన మనిషి ఆయన. 7,250 డాలర్ల ధర పలికే ఒక స్పీకర్ కేబుల్ మామూలు కేబుల్ కన్నా మెరుగని, ఏది మోగుతోందో చూడకుండా విని నిరూపిస్తే 10 లక్షల డాలర్లు ఇస్తానన్నారు. మాటలు చాలా నడిచాయి కానీ చివరికి ఆ పరీక్ష జరగనే లేదు.

ఇంతకీ ఎంత లావు తీగ కావాలి? అమెరికాలోని మెకింతోష్ ల్యాబొరేటరీలో స్పీకర్ల రూపకర్తగా పనిచేసిన రోజర్ రసెల్ ఓ తేలికైన కొలత చెప్పారు. తీగ నిరోధం, రానూపోనూ కలిపి, స్పీకర్ ఓమ్‌లలో 5 శాతం లోపు ఉంటే చాలు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి 0.4 ఓమ్‌లు, 4 ఓమ్‌ల స్పీకర్‌కి 0.2 ఓమ్‌లు. ఆ గీత మీద ఉన్నా తగ్గేది అర డెసిబెల్ లోపే.

ఏ తీగ... ఎంత దూరం?

(5 శాతం లెక్కన, యాంప్లిఫయర్ నుంచి స్పీకర్ దాకా ఒకవైపు దూరం. మల్టీ స్ట్రాండ్ రాగి తీగకు.)

0.75 చ.మి.మీ: 8 ఓమ్‌లకు ఏడున్నర మీటర్లు, 4 ఓమ్‌లకు మూడున్నర మీటర్లు
1.5 చ.మి.మీ: 8 ఓమ్‌లకు 15 మీటర్లు, 4 ఓమ్‌లకు 7.5 మీటర్లు
2.5 చ.మి.మీ: 8 ఓమ్‌లకు 25 మీటర్లు, 4 ఓమ్‌లకు 12.5 మీటర్లు
4 చ.మి.మీ: 8 ఓమ్‌లకు 40 మీటర్లు, 4 ఓమ్‌లకు 20 మీటర్లు

మన హాళ్లలో యాంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కి ఉండేది మూడు నుంచి ఆరు మీటర్లే. 1.5 తీగ హాయిగా సరిపోతుంది. 2.5 వేస్తే ఇక ఆ ఊసే ఎత్తక్కర్లేదు.

‘ప్యూర్ కాపరేనా అన్నా?’

హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఆడియో సామాను, ట్రూప్ బజార్‌లో కరెంటు సామాను దొరుకుతాయి. ఇతర ఊళ్లలో ఏ ఎలక్ట్రికల్ షాపుకి వెళ్లినా సరే. ‘స్పీకర్ వైరు’ అనడిగితే అద్దంలా కనిపించే ప్లాస్టిక్ తొడుగు తీగ చేతిలో పెడతారు. ‘ఇంటి వైరింగ్‌కి వాడే మల్టీ స్ట్రాండ్ తీగ, ఎరుపొకటి, నలుపొకటి, 2.5 స్క్వేర్ ఎంఎం’ అనడగండి. 90 మీటర్ల కాయిల్ కొననక్కర్లేదు. మీటర్ల లెక్కన కోసిచ్చే షాపులుంటాయి. లేదంటే ఇల్లు కట్టించేటప్పుడు మిగిలిన కాయిల్ ముక్క అటక మీద ఉందేమో చూడండి.

కొన్ని షాపుల్లో ఇప్పటికీ ‘14/36, 23/36, 40/36’ అనే పాత లెక్కే నడుస్తోంది. 40/36 అంటే లోపల 36 నంబరు గేజి పోగులు 40 ఉన్నాయని. అది దాదాపు 1.2 చదరపు మిల్లీమీటర్లు. 23/36 అయితే 0.7 లోపు. నాలుగు మీటర్ల లోపు దూరానికి, 8 ఓమ్‌ల స్పీకర్‌కి 40/36 చక్కగా సరిపోతుంది.

తీగ మీద ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 694 అన్న అచ్చు ఉన్నాయో లేదో చూసుకోండి. అవి లేని చవక తీగల్లో పెద్ద మోసం ఒకటుంది. లోపల అల్యూమినియం, పైన రాగి పూత. దీన్నే సీసీఏ అంటారు. దాని వాహకత రాగిలో దాదాపు మూడింట రెండొంతులే. 2.5 అని కొన్నది 1.6 లాగా పనిచేస్తుంది. స్క్రూ కింద త్వరగా వదులవుతుంది, నాలుగుసార్లు వంచితే పోగులు తెగుతాయి.

దాన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. బ్లేడుతో ఒక పోగుని గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి కాదు. ఇంటికొచ్చాక ఒక్క పోగుని లైటరు మంటలో పెట్టి చూడండి. రాగి అయితే ఎర్రగా కాలి నల్లబడుతుందే తప్ప నిలబడే ఉంటుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి పోగు వాలిపోయి చివర ముద్ద కడుతుంది. బరువూ చెప్పేస్తుంది. 2.5 తీగ 10 మీటర్లలో అసలు రాగి అయితే లోహమే దాదాపు 220 గ్రాములు తూగుతుంది. పూత తీగలో వంద కూడా ఉండదు.

ఇక ‘ఆక్సిజన్ ఫ్రీ కాపర్’ అంటూ అదనంగా వేసే డబ్బు సంగతి. మామూలు వైరింగ్ రాగికీ దానికీ వాహకతలో తేడా ఒక శాతం అటూ ఇటూ. ఐదు మీటర్ల తీగని ఐదు సెంటీమీటర్లు కురచ చేస్తే వచ్చే లాభం అంతే ఉంటుంది. ‘హై ఫ్రీక్వెన్సీ కరెంటు తీగ పైపొరలోనే పారుతుంది, అందుకే మా కేబుల్ కొనండి’ అనే మాటా వినపడుతుంది. ఆ సూత్రం నిజమే. కానీ 20 వేల హెర్ట్జ్ దగ్గర కూడా ఆ పొర లోతు దాదాపు అర మిల్లీమీటరు. మన తీగకు దాని వల్ల పెరిగే నిరోధం చాలా స్వల్పం. పైగా అంత పై స్థాయి శబ్దం పెద్దవాళ్లలో చాలామందికి వినపడనే వినపడదు.

చేద్దాం రండి!

కావాల్సినవి: ఎరుపు, నలుపు తీగలు, నాలుగు ఎర్ర బనానా పిన్నులు, నాలుగు నల్లవి, వైర్ స్ట్రిప్పర్, స్క్రూడ్రైవర్, కొంచెం హీట్ ష్రింక్ ట్యూబ్, మల్టీమీటర్. డ్రిల్ మిషన్ ఉంటే మరీ మంచిది.

ముందు దూరం కొలవండి. గోడ వెంట, టీవీ స్టాండ్ వెనక నుంచి తీగ వెళ్లే దారిలోనే టేపు పట్టాలి. స్పీకర్‌ని జరపడానికి అర మీటరు, మెలి తిప్పితే తగ్గే పొడవుకి మీటరుకో పది సెంటీమీటర్లు కలపండి. రెండు స్పీకర్లకీ తీగ అచ్చంగా సమానంగా ఉండాలన్న పట్టింపు వద్దు. తీగలో సిగ్నల్ రెండు మీటర్లు వెళ్లడానికి పట్టేది సెకనులో వంద కోట్లో వంతులు ఓ పది. గాలిలో శబ్దం అంతే దూరం రావడానికి సెకనులో వెయ్యో వంతులు ఆరు పడతాయి. మీరు సోఫాలో కాస్త పక్కకు జరిగితే వచ్చే తేడాయే తీగ పొడవు వల్ల వచ్చే తేడాకన్నా ఎన్నో వేల రెట్లు.

ఎరుపు, నలుపు తీగల ఒక కొసని కలిపి కిటికీ ఊచకు కట్టండి. రెండో కొసలు డ్రిల్ చక్‌లో బిగించి, తీగని లాగి పట్టుకుని, నెమ్మదిగా తిప్పండి. రెండంగుళాలకో మెలి పడితే చాలు. డ్రిల్ ఆపగానే వదిలేయకండి. తీగ ఎదురు తిరిగి చేతికి చుట్టుకుంటుంది. కావాల్సినదానికన్నా నాలుగు మెలికలు ఎక్కువ తిప్పి, అలాగే పట్టుకుని మెల్లగా వదిలితే తనే సర్దుకుంటుంది. ఇలా మెలేస్తే ఇండక్టెన్స్ తగ్గుతుంది. తీగలు విడిపోకుండా చూడ్డానికీ బాగుంటుంది.

కొసల దగ్గర మూడంగుళాల మెలి విప్పి, పిన్ను తొడుగునీ, హీట్ ష్రింక్ ముక్కనీ ముందే తీగకు ఎక్కించండి. చాలామంది పిన్ను బిగించేశాక గుర్తొచ్చి మళ్లీ విప్పుతారు. తర్వాత 12 మిల్లీమీటర్ల మేర ప్లాస్టిక్ ఒలవండి. కటర్‌తో ఒలిస్తే అంచున రెండు మూడు పోగులు తెగిపోతాయి, స్ట్రిప్పర్ అయితే ఆ గొడవ లేదు. పోగుల్ని స్క్రూ బిగిసే దిక్కుకే మెలేయండి. అప్పుడు స్క్రూ తిరిగేకొద్దీ అవి లోపలికి చుట్టుకుంటాయి, బయటికి చిందవు.

స్క్రూతో బిగించే పిన్ను అయితే తీగ కొసకు సోల్డర్ పూయకండి. సోల్డర్ మెత్తటి లోహం. ఒత్తిడికి నెలల తరబడి అణిగి అణిగి స్క్రూ వదులైపోతుంది. సోల్డర్ చేసే పిన్ను అయితే సోల్డరే చేయండి. ఏదో ఒకటి, రెండూ కలపొద్దు. పాత అసెంబుల్డ్ సెట్లకు స్ప్రింగు క్లిప్పులే ఉంటాయి. వాటిలో బనానా పిన్ను పట్టదు. తీగ కొసకు పిన్ టైపు థింబుల్ వేసి క్రింపింగ్ టూల్‌తో గట్టిగా నొక్కితే సరి.

ఆఖరుకి పిన్ను పట్టుకుని కాస్త గట్టిగానే లాగండి. ఊడేదేదో ఇప్పుడే ఊడాలి. యాంప్లిఫయర్ వెనక ఊడి రెండు తీగలూ ఒకదానికొకటి తగిలితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోయే ప్రమాదముంది. ఇప్పుడు మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో పెట్టండి. ఎరుపు నుంచి ఎరుపుకి, నలుపు నుంచి నలుపుకి మోగాలి. ఎరుపుకీ నలుపుకీ మధ్య మోగకూడదు. తీగని అటూ ఇటూ ఊపుతూ మరోసారి చూడండి.

ఘంటసాల ఎక్కడ నిలబడ్డారు?

ప్లస్సూ మైనస్సూ తారుమారైతే ఏమీ కాలిపోదు కానీ పాట చెడిపోతుంది. ఒక స్పీకర్ కోన్ ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. బేస్ మాయమవుతుంది. గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియదు.

అనుమానముంటే యాంప్లిఫయర్ వైపు కొసలు తీసేసి, ఆ కొసల్ని 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీకి ఒక్క క్షణం తాకించండి. ఎరుపు ప్లస్‌కి, నలుపు మైనస్‌కి. ఊఫర్ కోన్ ముందుకు ఉబికితే సరిగ్గా ఉన్నట్టు. రెండో స్పీకర్ కూడా అటే కదలాలి.

ఇంకో పరీక్ష మన పాటల్లోనే ఉంది. 1950, 60ల నాటి సినిమా పాటలు ఎక్కువగా మోనో రికార్డింగులే. ఘంటసాల పాట ఏదైనా పెట్టి, రెండు స్పీకర్లకూ సమాన దూరంలో కూర్చోండి. గొంతు సరిగ్గా నడిమధ్య నుంచి, స్పీకర్ లేని చోటునుంచి రావాలి. గది నిండా చెదిరినట్టు, చెవుల్ని నొక్కినట్టు ఉంటే ఒక వైపు తీగలు తారుమారయ్యాయని అర్థం.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి!

బనానా పిన్ను లావు 4 మిల్లీమీటర్లు. ఫోన్ ఛార్జర్ పిన్నులు దూరే మన ప్లగ్గు బోర్డుల్లో అదీ దూరుతుంది. రెండు బనానాలు కలిపి ఉండే జంట పిన్ను మధ్య దూరం 19 మిల్లీమీటర్లు. గోడ మీది 6 ఆంపియర్ల సాకెట్ రంధ్రాల మధ్య దూరమూ అంతే! స్పీకర్‌కి తగిలించి ఉన్న కేబుల్ రెండో కొసని పిల్లలు బోర్డులో పెడితే 230 వోల్టులు నేరుగా వెళ్లిపోతాయి. అందుకే జంట పిన్నులు వాడొద్దు. కొసల్లో నలుపు తీగని ఎరుపు కన్నా మూడు సెంటీమీటర్లు కురచగా కోస్తే రెండూ పక్కపక్కన దూర్చడం అంత తేలిక కాదు. కేబుల్ కొసల్ని ఎప్పుడూ వేలాడదీసి ఉంచొద్దు. స్పీకర్ వైరుకి కరెంటు టూపిన్ ప్లగ్గు బిగించే అలవాటు కొందరికి ఉంది. దాన్నీ మానుకోవాలి.

కేబుల్ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు యాంప్లిఫయర్ ఆఫ్‌లో ఉండాలి. చిన్న డిజిటల్ యాంప్లిఫయర్లలో చాలావాటికి మైనస్ టెర్మినల్‌లోనూ సిగ్నల్ ఉంటుంది. కాబట్టి రెండు స్పీకర్ల మైనస్‌లను కలిపి ఒకే తీగతో సరిపెట్టొద్దు.

కొత్తగా ఇల్లు కట్టిస్తుంటే ప్లాస్టరింగ్‌కి ముందే స్పీకర్ల కోసం వేరే పైపు వేయించండి. కరెంటు తీగలున్న పైపులో ఈ తీగని తోయనివ్వకండి. గోడలోంచి వెళ్లే ఎరుపు నలుపు తీగల్ని చూసి రేపెప్పుడో వచ్చిన ఎలక్ట్రీషియన్ కరెంటు లైన్లనుకోకుండా రెండు కొసల్లోనూ ‘స్పీకర్’ అని చీటీ అంటించండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉప్పుకి రాగి కొసలు త్వరగా నల్లబడతాయి. ఏడాదికోసారి ఒక సెంటీమీటరు కోసేసి కొత్త కొస బిగిస్తే చాలు.

మిగిలిన డబ్బేం చేద్దాం?

మన ఫ్లాట్లలో నేలంతా నున్నటి టైల్స్, గోడలన్నీ బోసి. పాట అటూ ఇటూ తగిలి మోత పుడుతుంది. సోఫా ముందు మందపాటి తివాచీ వేసి, కిటికీలకు దళసరి కర్టెన్లు కట్టండి. స్పీకర్లను మూలల్లోంచి బయటికి తెచ్చి, గోడకు ఒకటి రెండు అడుగులు ఎడంగా, ట్వీటర్ మీ చెవి ఎత్తులో ఉండేలా పెట్టండి. అప్పుడొచ్చే మార్పు ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఎంత ఖరీదైన కేబుల్ తెచ్చినా ఆ మార్పులో పదో వంతు రాదు.

అందుకే కేబుల్ విషయంలో మూడే చూసుకోండి: చాలినంత లావు, అసలైన రాగి, గట్టి బిగింపు. ఈ మూడూ కుదిరాక దాని మీద ఇంకొక్క రూపాయి కూడా పెట్టకండి. చేతిలో డబ్బుంటే మంచి స్పీకర్ల మీద పెట్టండి.